తప్పొప్పుల పట్టిక

సంఘం మూసేముందు ఎవరో ఒకరు
దాని చరిత్ర రాసిపెట్టాలన్నారు.
కార్యదర్శిని కాబట్టి నా నెత్తిన పడింది.
చరిత్ర రాయడం నాకు రాదు.
ప్రూఫులు దిద్దడం వచ్చు.

నెబ్రాస్కాలో మొక్కజొన్న కోతలయ్యాక
గాలికి అడ్డూ ఆపూ ఉండదు.
అలాంటి గాలిలో, పందొమ్మిదివందల పన్నెండు నవంబరులో,
ఏడు కాలేజీల కుర్రపత్రికల వాళ్ళు
కోర్డ్‌వెల్ స్టేషన్లో రైలు దిగి
హోటలు వెనకగదిలో, బొగ్గుపొయ్యి చుట్టూ చేరి
ఈ సంఘం పెట్టారు. హాజరు: పదకొండు మంది.

పదకొండు కాదు, పన్నెండు.
మినిట్స్ రాసిన ఎనిడ్ హాల్వర్సన్
ఏరు దాటి తలలు లెక్కపెట్టినవాడిలా
తనని తాను వదిలేసింది.

నియమావళి అచ్చయి వచ్చింది.
ప్లెయిన్స్ అన్న మాటలో ఎన్ అక్షరం
బోర్లాపడి యూ అయింది.
సీసం అక్షరాల్ని అద్దంలో చూసినట్టు చదవాలి,
పేర్చిన కుర్రాడికి మర్నాడు గ్రీకు పరీక్ష.
అయిదువందల కాపీలు పారేసే స్తోమత ఎవరికుంది?
రిబ్బన్ల మీదా, బహుమతి పత్రాల మీదా
ఆ బోర్లా అక్షరమే వెళ్ళింది ఏటేటా.
తరవాతి వాళ్ళు దాన్ని సంప్రదాయమన్నారు.
నేనూ దిద్దలేదు. చెయ్యి రాలేదు.

పందొమ్మిదివందల పద్దెనిమిది.
"ఈ ఏడు సమావేశం జరగలేదు."
పేజీ అంతటికీ అదొక్కటే వాక్యం.
ఇదీ తప్పే.
ఇన్‌ఫ్లుయెంజా మంచాలు పరిచిన జిమ్ బయట
మెట్ల మీద, మూతికి గుడ్డలు కట్టుకుని
ముగ్గురు కలిశారు.
పోయిన ఇద్దరు సంపాదకుల పేర్లు
స్పెల్లింగ్ ఒకటికి రెండుసార్లు సరిచూసి
ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు.
ఆ చీటీ నాకు అట్ట లోపలి అతుకులో దొరికింది.
జిగురు ఎండిపోయి దానంతటదే ఊడింది.

యుద్ధకాలం: తాత్కాలిక అధ్యక్షురాలు థెల్మా రాస్‌ముసెన్.
మూడేళ్ళు నడిపింది. న్యూస్‌ప్రింట్ రేషన్లో
నాలుగు పేజీల్ని రెండుకి కుదించడం
తొమ్మిది కాలేజీలకి నేర్పింది.
అబ్బాయిలు తిరిగొచ్చి, చప్పట్లు కొట్టి,
కాఫీ ఏర్పాట్ల కమిటీలో వేశారామెను.
తాత్కాలిక అన్న మాట కొట్టేసి చదువుకోగలరు.

ఇక డెబ్భై అయిదేళ్ళ సావనీరు, ఇరవైరెండో పేజీ:
"ఆర్డెల్లా విట్‌ఫీల్డ్ వెంట సంఘం దృఢంగా నిలిచింది."

నల్లవాళ్ళకి గది అద్దెకివ్వని ఇళ్ళ చిరునామాలు
వీధి పేరుతో, ఇంటి నంబరుతో
రాసిందామె, అరవైతొమ్మిదిలో.
డీన్ ఆపించాడు.
మొదటి పేజీని తెల్లగా వదిలి పంచింది.
ఖండిస్తూ తీర్మానం పెడితే
చేతులు ఇటు తొమ్మిది, అటు తొమ్మిది.
నిర్ణాయక ఓటున్న లూబొమీర్ క్రటొక్విల్
కిటికీలోంచి మంచు చూస్తూ కూర్చున్నాడు.
తీర్మానం వీగిపోయింది.

సావనీరు చూసి ఆమె పోస్టుకార్డు రాసింది,
ఒమాహా నుంచి:
"ఆ సాయంత్రం నా వెంట నిలిచింది
బస్టాపు స్తంభం ఒక్కటే. దయచేసి సవరించండి."
మూడు దశాబ్దాలు దాటాయి.
ఇదుగో, సవరించాను.

ఆ తరవాత రాయడానికి ఎక్కువ లేదు.
ప్రకటనలు పోయాయి. అచ్చు పోయింది.
రెండు కాలేజీలకి కాలేజీలే పోయాయి.
మొన్న పిజ్జాకొట్లో చివరి సమావేశం.
ఖాతాలో మిగిలింది నూటనలభై డాలర్లు.
రద్దుకి ఓటేసి, టావియన్ ఎంగిలి పళ్ళేలు తీస్తుంటే
మరిసోల్ అడిగింది:
ఇన్ని తప్పులు బయటపెడితే పరువేం మిగులుతుంది?

నాకు జవాబు తోచలేదు.
చేతికి టొమాటో సాసు అంటుకుంది,
మినిట్స్ పుస్తకం ముట్టుకోకుండా ఆలోచించాను.

ఈ పట్టికలోనూ ఒక తప్పు ఉండే ఉంటుంది.
కనిపెట్టినవాళ్ళు రాయండి.
సంఘానికి ఇప్పుడు చిరునామా లేదు,
నాది కింద ఇస్తున్నాను.

బ్రిన్ ఓస్టర్‌గార్డ్, కార్యదర్శి,
కోర్డ్‌వెల్. తలుపు పక్క గంట పనిచెయ్యదు,
గట్టిగా తట్టాలి.